ప్రయోగబాహుళ్యము – ప్రామాణ్యవిచారము

గడచిన సంవత్సరము మాయూరి సాహిత్యగోష్ఠిలో, శ్రీనాథునిపేర లోకమునఁ జెల్లుచున్న యొక చాటుపద్యమును గుఱించి ప్రసంగవశమున మాటలు వచ్చినవి. అది యాతనిది యగునా కాదా యని సభ్యులలో నొకరు శంకించిరి. ఆ సభకు నే నధ్యక్షుఁడను; నిర్ణయము చెప్పవలసినవాఁడను. చేతనున్న చరవాణిలోఁ బద్యపు మొదటి రెండుమాటలను వ్రాసి వెదకితిని. ఱెప్పపాటులో ముప్పదికిఁ బైఁబడిన పుటలు కన్నులయెదుట నిలిచినవి. అన్నిటను గర్తృనామ మొక్కటియే. "ఇంద ఱేకకంఠముగాఁ జెప్పుచుండఁగా నింక సంశయ మేల? పద్యము శ్రీనాథునిదే" యని సభాముఖమున నుద్ఘోషించితిని. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి.

పదిదినములు గడచినపిమ్మట సమీపగ్రామపు టున్నతపాఠశాలలోఁ దెలుఁగు చెప్పు యువపండితుఁ డొకఁడు మా యింటికి వచ్చి వినయముతో నిట్లనెను: "గురువుగారూ, తాము చూపిన పద్యము కందము గదా! మూఁడవపాదమునఁ బ్రాస చెడియున్నది. ఒక పుటలోఁ గాదు, నేను జూచిన పుటలన్నిటను నదే తావున నదే యక్షరము చెడియున్నది. వ్రాయువాని పొరపాటైనచో నన్నిచోట్ల నొక్కతీరుగా నెట్లు వచ్చును?"

నాకు సమాధానము తోఁపలేదు. ముప్పదియేండ్లు కందలక్షణము పాఠము చెప్పినవాఁడను. పిల్లలు ప్రాస తప్పినచోఁ జదువుచుండఁగనే పట్టుకొనువాఁడను. అట్టి నా చెవికిఁ బ్రాసభంగము వినఁబడకపోవుటకు హేతు వేమి? సంఖ్యయే. ముప్పది యను లెక్క కనఁబడఁగానే కన్ను తృప్తిపడినది, చెవి మూసికొనిపోయినది. ఆ రాత్రి మా తండ్రిగారినాఁటి పెట్టె తెఱచి యొక పాత చాటుసంకలనమును వెలికిఁ దీసితిని. అందా పద్యమే ప్రాస చెడక, కర్తృనామము లేక కానవచ్చెను. పద్యము శ్రీనాథునిది కాదని నేను జెప్పను. ఆతనిదని చెప్పుటకు నాకడ నాధార మొక్కటియు లేకుండెనని మాత్ర మొప్పుకొందును. ఆ పద్యము నిచట నుదాహరింపను. ఉదాహరించినచో నా ముప్పదింటికి మఱియొక ప్రతిని జేర్చినవాఁడ నగుదును.

ఈ పరాభవము నాయొక్కనిదే యైనచో దీనిని బత్రికాముఖమునఁ జెప్పఁబని లేదు. ఇది నేఁటి పండితలోకమునకంతకును సంభవించిన చిక్కని తలఁచి యీ విచారమునకుఁ బూనుకొంటిని.

పూర్వము మనకు గ్రంథముల కఱవుండెడిది. నేఁడు వెల్లువ వచ్చినది. కఱవులోఁ గలిగిన యలవాటులతో వెల్లువలో నీఁదఁజూచుచున్నాము. బ్రౌనుదొర 1829లో వేమనపద్యములను బ్రకటించుటకును, దరువాతఁ గావ్యములను బరిష్కరింపించుటకును దాళపత్రప్రతుల ననేకముగా సేకరించి, పండితులను నియమించి, పాఠములను సరిపోల్పించెను. ఆ దినములలో నొక ప్రతి దొరకుటయే భాగ్యము. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లోను, సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లోను, సూర్యరాయాంధ్రనిఘంటువు తొలిసంపుటము 1936లోను వెలువడినవి. ఆ మహనీయులు కావ్యములు స్వయముగాఁ జదివి ప్రయోగముల నేర్చి కూర్చినవారు. ప్రయోగ మొకటి చూపిరన్న, దానివెనుక నొక గ్రంథపఠనము నిలిచియుండెడిది. కనుకనే నాఁడు "ప్రయోగములు పెక్కులు గలవు" అను మాటకు బరువుండెను.

నేఁటి స్థితి వేఱు. 1991లో వెలువడిన యూనికోడు తొలిరూపమునందే తెలుఁగులిపికిఁ జోటు దొరకినది. 2003లోఁ దెలుఁగు వికీపీడియా యారంభమైనది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు వేలకొలఁది పాతపుస్తకముల పుటలను ఛాయాచిత్రములుగాఁ దీసి యంతర్జాలమున నుంచిరి; వానిలోఁ బెక్కులు నేఁ డింటర్నెట్ ఆర్కైవునందుఁ జదువుకొనవచ్చును. ఆంధ్రభారతివారి పుటయం దొక్క పదమును వ్రాసినఁ బలు నిఘంటువుల యర్థము లొక్కమాఱే కానవచ్చును. ఇది సామాన్యోపకారము గాదు. బస్సు సరిగాఁ బోని పల్లెలోని పాఠశాలపండితునకు శబ్దరత్నాకరము నేఁ డరచేతిలో నున్నది. నా గురువులకు లేని సౌకర్య మిది. దీనిని నిందించుట కృతఘ్నత.

కాని నా చరవాణిలోఁ జేరిన గ్రంథములు నూఱులు. వానిలో నాద్యంతము చదివినవి వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినవి. ప్రతిదినము ప్రాతఃకాలమున మిత్రులు వాట్సాప్‌లో నొకఁడు శతకము, నొకఁడు వ్యాకరణము, నొకఁడు వ్యాసము పంపుచుందురు. "మహోపకారము" అని బదులు వ్రాయుదును. పంపినవాఁడు చదివెనో లేదో నే నడుగను. నేను జదివితినో లేదో యాతఁ డడుగఁడు. సంచయము పెరుఁగుచున్నది, అధ్యయనము తఱుగుచున్నది. దీనికిఁ బ్రతిక్రియ యేమి?

ఈ ప్రశ్న నేఁటిది గాదు. మహాభాష్యకారుఁడగు పతంజలి పస్పశాహ్నికమున దీనినే విచారించినాఁడు. శబ్దములు తెలియవలెనన్న నొక్కొక్క శబ్దమును బఠించుట యుపాయ మగునా యని ప్రశ్నించి, కాదనుట కొక కథ చెప్పినాఁడు. బృహస్పతియంతవాఁడు చెప్పువాఁడు, ఇంద్రునియంతవాఁడు వినువాఁడు, వేయి దివ్యవర్షములు కాలము. ఐనను బ్రతిపదపాఠము ముగియలేదు. నూఱేండ్లకు మించని మనుష్యున కిఁక నాశ యేది? ఇచ్చట భాష్యకారుఁడు మఱింత వేగముగాఁ జదువు మనలేదు. మఱింత పెద్ద పెట్టెలోఁ గూర్చి పెట్టు మనలేదు. ఉపాయమునే మార్చినాఁడు. సామాన్యవిశేషములు గల లక్షణమును జేయవలెననియు, నుత్సర్గాపవాదములచేత నల్పయత్నమున మహాశబ్దరాశిని గడవవచ్చు ననియుఁ జెప్పినాఁడు. నాలుగువేలకుఁ జేరువయగు సూత్రములలోఁ బాణిని యపారమైన వాఙ్మయమును నియమించెనన్న నందుకు హేతువు జ్ఞాపకశక్తి గాదు, లక్షణజ్ఞానము. ఏది యేల యట్లు నిలిచినదో తెలిసినవానికి నన్నియు నెత్తిపై మోయఁ బని లేదు.

కావున వెదకుట యను క్రియకును లక్షణదోషముల నన్వయించి చూతము. లక్షణమునకు నైయాయికులు చెప్పిన మూఁడు దోషములలో నతివ్యాప్తి యొకటి, యవ్యాప్తి యొకటి. అక్కఱలేనిదానిని గూడఁ బట్టుట యతివ్యాప్తి; కావలసినదానిని విడుచుట యవ్యాప్తి. యంత్రమున వెదకినపుడు మనము మొదటిదానినే చూచి విసుగుకొనుచున్నాము. రెండవది కనఁబడదు గనుక దానియునికియే యెఱుఁగము.

ఉదాహరణము. "కలువలు" అను పదమునకుఁ గావ్యప్రయోగములు కావలెనని వెదకితి ననుకొందము. "పూచెను" అను క్రియపైఁ బరుషము సరళమై "పూచెఁగలువలు" అయినచోట యంత్రమునకుఁ గలువలు లేవు. "వాఁడు కొట్టె" ననునది గసడదవాదేశమున "వాఁడుగొట్టె" నయినచోఁ గొట్టుట కానరాదు. సంధి నెఱుఁగని వెదకులాట తెలుఁగుకావ్యమున సగముచూపుతో నడచునదియే. ఇది యవ్యాప్తి. మఱి "వేఱు" అనఁగా నన్యము, "వేరు" అనఁగాఁ జెట్టు మూలము. "ఏఱు" నది, "ఏరు" అనఁగా నేరుకొనుట. "ఏఁడు" సంవత్సరము, "ఏడు" సంఖ్య. యూనికోడున నరసున్నకును శకటరేఫమునకును దావులు గలవు. వ్రాయువారే శ్రమకోర్వక వానిని విడిచిపెట్టిరి. అట్లు వ్రాసిన ప్రతులలో "వేరు" అని వెదకినచో రెండర్థములును గలిసి పైఁబడును, ఇది యతివ్యాప్తి. "ఏఱు" అని శుద్ధముగా వెదకినవాని కాప్రతిలో నది దొరకనే దొరకదు. ఇది మరల నవ్యాప్తి. తఱచుగా నొక్క పొరపాటే రెండు దోషములకును గారణ మగుచున్నది. కావున "వెదకితిని, ప్రయోగము లేదు" అనువాఁడును, "వెదకితిని, నూఱు గలవు" అనువాఁడును సమముగా సాహసికులే.

రెండవచిక్కు పౌర్వాపర్యమును గూర్చినది. చరవాణి తెఱపైఁ గ్రొత్తగా వచ్చినది పైకి వచ్చును. పాతది క్రిందికిఁ దిగును. చూచుచుండఁగాఁ గ్రొత్తదే ప్రమాణమను భ్రాంతి మనకుఁ దెలియకయే మనసునఁ బాఁతుకొనుచున్నది. వ్యాకరణాధ్యేతలకు "పరమగు కార్యము బలీయ" మను నియమము పరిచితమే. కాని యది తుల్యబలములగు రెండుశాస్త్రములకు విరోధము కలిగినపుడు మాత్రమే. పరిభాషేందుశేఖరము చదివినవారికి దీనిలోని తారతమ్యమును దెలియును: పూర్వముకంటెఁ బరము, పరముకంటె నిత్యము, నిత్యముకంటె నంతరంగము, నంతరంగముకంటె నపవాదము బలవత్తరములు. అనఁగాఁ దరువాత వచ్చుట యను బలము బలములన్నిటిలోఁ గడపటిది. వేఱు బలమేదియు నిర్ణయింపలేనపుడు మాత్రమే యది పనికివచ్చును. శాస్త్రము కడపట నుంచినదానిని మన తెఱ మొదట నుంచినది. ఇది చదువరి నిత్యము గుఱుతుంచుకొనవలసిన విషయము.

మూఁడవది సాక్షుల చిక్కు. నా పతనమునకుఁ గారణ మిదియే. ప్రాసభంగ మన్నిపుటలలో నొక్కతావుననే యుండుట యేమి చెప్పుచున్నది? అవి యన్నియు నొక్క ప్రతినుండి పుట్టిన వనుటయే. సత్యమును బెక్కుమంది వేర్వేఱుగాఁ గనుఁగొనవచ్చును. కాని యొకే తప్పును ముప్పదిమంది వేర్వేఱుగాఁ జేయరు. తప్పు సమానమైనచో మూలము సమానము. ముప్పదిమంది సాక్షు లొక్క సాక్షిగా ముడిచికొనిపోయిరి. ఆ యొక్కఁడును దా నెచ్చటఁ జూచెనో చెప్పనివాఁడు! దీనినే పూర్వు లంధపరంపరాన్యాయ మనిరి. వరుసలో నెంద ఱున్నను ముందువానికిఁ గన్ను లేనిచో వరుసకుఁ గన్ను లేదు.

పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థవారు మహాభారత పరిష్కరణమును 1919లో నారంభించి 1966లో ముగించిరి. 1,259 వ్రాఁతప్రతులను బరిశీలించిరి. ఆ ప్రయత్నమునకు 1925 మొదలు ప్రధానసంపాదకుఁడై, 1943లోఁ గీర్తిశేషుఁడగువఱకు శ్రమించిన విష్ణు సీతారామ సుక్థంకరు ప్రతులను లెక్కింపలేదు, తూఁచినాఁడు. మొదటఁ బ్రతులను శాఖలుగా విభజించి, యేది దేనినుండి పుట్టినదో చూచి, పరస్పరసంబంధములేని యౌత్తరాహ దాక్షిణాత్యశాఖ లేకీభవించినచోటఁ బాఠమునకు విశేషబల మొసఁగినాఁడు. ఒకశాఖలో నూఱుప్రతు లొక పాఠమునే చెప్పినను నవి నూఱు గావు. ఇంతటి మార్గము మనకన్నులయెదుట నుండఁగా మనము తెఱపైఁ బుటలను లెక్కించి కర్తృత్వనిర్ణయములు చేయుచున్నాము.

ఇచ్చటఁ బూర్వపక్ష మొకటి పుట్టును. "ఇట్లు ప్రతిదాని వంశావళిని వెదకుచుఁ గూర్చున్నచోఁ బని సాగునా? ఇంత సామగ్రి యున్న కాలమున నిది వ్యర్థశ్రమ కాదా?" యని. కొందఱు వృద్ధపండితులు దీనికి విపరీతముగా "మేమా యంత్రమును దాఁకము" అని గర్వింతురు. ఈ రెండుమాటలును సమంజసములు గావు. దాఁకనివాఁడు తన యింటి పెట్టెలోని నాలుగుపుస్తకములే లోకమనుకొనును. ఆతని కవ్యాప్తి తప్పదు. విచారింపనివాఁడు కనఁబడినదెల్లఁ బ్రమాణమనుకొనును. వాని కతివ్యాప్తి తప్పదు. వంశావళి నన్నిటికి వెదకుమని నేను జెప్పను. ఊరక తెలిసికొనుటకుఁ జదువునపు డంత శ్రమ వలదు. నిర్ణయముగా నొరులకుఁ జెప్పఁబోవునపుడు, ముఖ్యముగాఁ బిల్లలకుఁ జెప్పఁబోవునపుడు, వెదకక తీఱదు. మనము తరగతిలోఁ జెప్పినమాట నలువదినోళ్ల నలువదిసాక్ష్యము లగునని మఱవరాదు.

ఇంక నాచరణమును గూర్చి. విద్య నాలుగువిధముల నుపయుక్త మగునని భాష్యకారుఁడు చెప్పినాఁడు: గురుముఖమున గ్రహించునపుడు, స్వయముగా నావర్తించునపుడు, ఇతరులకుఁ జెప్పునపుడు, వ్యవహారమున వినియోగించునపుడు. ఆగమకాలము, స్వాధ్యాయకాలము, ప్రవచనకాలము, వ్యవహారకాలమని వీనికిఁ బేర్లు. నేఁటి చదువరికి మొదటిదానినుండి మూఁడవదానికి నేరుగ దుముకుట యలవాటైనది. వచ్చినది వచ్చినట్లే పదిమందికిఁ బంపుచున్నాఁడు. నడుమ స్వాధ్యాయము లుప్తమైనది. లోపము శాస్త్రమున నొక కార్యము. జీవితమున నొక నష్టము. కావున నేను నాకు విధించుకొన్న మొదటి నియమ మిది: నేను స్వయముగా రెండుమాఱులు చదువనిదానిని మఱియొకరికిఁ బంపను.

రెండవది. సూచీకటాహన్యాయ మొకటి గలదు. సూదియు గంగాళమును జేయవలసివచ్చినపుడు కమ్మరి మొదట సూదిని జేసి పిదప గంగాళమునకుఁ బూనుకొనును. సూదు లొకటిరెండైనపు డీ న్యాయము చెల్లును. చరవాణి సూదులను జల్లుచునే యుండును. ప్రతిసూదికి సమాధానము చెప్పి పిదపఁ గావ్యము చదువుద మనుకొన్నచో గంగాళ మెన్నఁటికిని గాదు. అందుచేత నుదయమున మొదటి రెండుగంటలు గంగాళమునకే. ఒక కావ్యమో యొక శాస్త్రగ్రంథమో యాద్యంతముగాఁ బఠింతును. మూఁడునెలలలో నాముక్తమాల్యద మరల నొకమాఱు పూర్తియైనది. ఆ పఠనమున నాకు దొరకిన ప్రయోగములు కొలఁదివే. కాని యొక్కొక్కదాని పూర్వాపరములను నే నెఱుఁగుదును.

మూఁడవది యనధ్యాయము. పాడ్యమి యష్టమి చతుర్దశులును బర్వదినములును గ్రొత్తపాఠమునకు విడుపు లని మన గురుకులములలో నాచారము. పాడ్యమినాఁడు పాఠము చదువువాని విద్యవలె సీత కృశించినదని సుందరకాండమున వాల్మీకి పోల్చినాఁడన్న నీ నియమమునకు లోకమునఁ గల గౌరవము తెలియఁగలదు. దీనిని సోమరితనమునకుఁ దెరువని కొందఱు నవ్వుదురు. కాని క్రొత్తది చేరకుండ నాఁపిననాఁడే పాతది లోన నిలుచును. ఆహారమునకు నరుగుదల యెట్లో విద్యకు ననధ్యాయ మట్లు. నేఁడు నాకుఁ బాడ్యమినాఁడు చరవాణి పెట్టెలోనే యుండును. మొదటి పక్షమునఁ జేయి దానివైపే పోవుచుండెను. ఇప్పుడు పోవుట లేదు.

నాలుగవది సాక్షిపరీక్ష. ఏ పద్యమైనఁ బ్రయోగమైన నుదాహరింపఁబోవుచో మూఁడు ప్రశ్నలు వేయవలెను. ఇది యే ముద్రణమునుండి గాని యే వ్రాఁతప్రతినుండి గాని వచ్చినది? దీనితో నేకీభవించు పుటలు దీనినుండియే పుట్టినవా, వేఱా? అరసున్న, శకటరేఫము, యతిప్రాసములు సరిగా నున్నవా? మూఁడవప్రశ్న చిన్నదిగాఁ దోఁచును. కాని నన్ను రక్షింపఁగలిగినది యదియే. ఛందస్సు పద్యమునకుఁ గావలికాఁడు. వ్రాయసకాఁడు చేసిన దోషమును మొదట నఱచి చెప్పునది యదియే. దానియఱపు వినుటకుఁ జెవియుండవలెను. చెవి పఠనమువలనఁ గలుగును గాని వెదకుటవలనఁ గలుగదు.

తరువాతి గోష్ఠిలో నేను లేచి నా నిర్ణయమును వెనుకకుఁ దీసికొంటిని. ఆ యువపండితునిచేతనే ప్రాసదోషమును సభకుఁ జెప్పించితిని. సభ్యులు మన్నించిరి. అంతటితోఁ దీఱినదనుకొంటిని. తీఱలేదు. గడచినమాసమున నా పద్యమును మరల వెదకి చూచితిని. పుట లొకటి పెరిఁగినవి. ఆ క్రొత్తపుటలోఁ బద్యము ప్రాస చెడియే యున్నది. క్రింద "ఇది శ్రీనాథునిదేయని ఫలాని పండితులు సభాముఖమున నిర్ణయించిరి" అని నా పేరును వ్రాయఁబడియున్నది. మొదటి సభ మాటలను జరవాణిలోఁ బట్టినవా రెవరో పుణ్యము కట్టుకొనిరి. రెండవసభ మాటల నెవరును బట్టలేదు. నిన్నటివఱకు నా ముప్పదింటికిఁ బేరుగల సాక్షి లేకుండెను; నేఁడు నే నైతిని.

ఆ పుటను వ్రాసినవారికి నుత్తరము వ్రాసితిని. ఇంకను బదులు రాలేదు. అందుచేత నీ పత్రికను జదువు విద్వాంసులకును బాఠశాలపండితులకును మనవి చేయుచున్నాను. ఎవరైన నా పేరు చూపి యా పద్యమును శ్రీనాథునిదని చెప్పినచో, నా మాటను బ్రమాణముగాఁ గొనవలదు. పద్యమును బైకిఁ జదివి మూఁడవపాదమునఁ జెవి యొగ్గుఁడు. ఇందు నేను జెప్పినవానిలో దోషము లున్నఁ దెలిపి నన్నుఁ గృతార్థునిఁ జేయుదురు గాక.